పేమెంట్ మధ్యలో సిగ్నల్ పోతే డబ్బు కట్ అవుతోంది, ఆర్డర్ పడటం లేదు. టీసీపీ ఉండి కూడా ఎందుకిలా?

కొత్తచిగురు:

అందరికీ నమస్కారం. ఒక షాపింగ్ యాప్‌లో కార్ట్ నుంచి పేమెంట్ దాకా ఉండే భాగం ఈమధ్య నా చేతికి వచ్చింది. వెబ్ మీద పని చేసిన అలవాటు ఉంది, మొబైల్ మాత్రం కొత్త.

ఆఫీసు వైఫై మీద అంతా సాఫీగా నడుస్తుంది. బయట వాడేవాళ్ల నుంచి రెండు రకాల ఫిర్యాదులు వస్తున్నాయి. మొదటిది, పే బటన్ నొక్కాక చక్రం తిరిగి తిరిగి "విఫలమైంది, మళ్లీ ప్రయత్నించండి" అని వస్తుంది. మళ్లీ నొక్కితే రెండు ఆర్డర్లు పడుతున్నాయి. రెండోది ఇంకా టెన్షన్ పెట్టేది: ఖాతాలోంచి డబ్బు పోతుంది, యాప్‌లో ఆర్డరే కనబడదు. వాళ్లు చెప్పేదాన్ని బట్టి చూస్తే వైఫై పరిధి దాటి నడుస్తున్నప్పుడో, లిఫ్టు ఎక్కినప్పుడో ఎక్కువగా జరుగుతోంది.

నాకు అంతుపట్టనిది ఏంటంటే, సర్వర్ లాగ్‌లో మొదటి రిక్వెస్ట్ వచ్చినట్టే ఉంది, దానికి 200 అని, అంటే పని సరిగ్గా అయిందని చెప్పే కోడ్‌తో జవాబు వెళ్లినట్టూ ఉంది. టీసీపీ అంటే డేటాను కచ్చితంగా చేర్చేదని చదువుకున్నాం కదా. మరి ఆ జవాబు ఎటు పోయింది? టైమౌట్‌ని, అంటే జవాబు కోసం యాప్ ఆగే సమయాన్ని, 10 సెకన్ల నుంచి 60కి పెంచుదామని టీమ్‌లో ఒకరు అంటున్నారు. యాప్, సర్వర్ మాట్లాడుకునే హెచ్‌టీటీపీ ప్రోటోకాల్‌లో కొత్త వెర్షన్ హెచ్‌టీటీపీ/3కి మారితే సమస్యే ఉండదని ఇంకొకరు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరా?

ప్యాకెట్‌వేట:

కొత్తచిగురు గారూ, ముందు ఆ 200 సంగతి చూద్దాం. చిక్కుముడి అక్కడే ఉంది.

సర్వర్ ప్రోగ్రామ్ జవాబు "పంపడం" అంటే ఆ బైట్లను ఆపరేటింగ్ సిస్టమ్ బఫర్‌లో (తాత్కాలిక నిల్వలో) పెట్టడమే. అది అవగానే ప్రోగ్రామ్ తన పని అయిపోయిందనుకుని లాగ్‌లో 200 రాసుకుంటుంది. ఆ బైట్లు తర్వాత ఫోన్‌కి చేరాయా, దారిలో పోయాయా అన్నది ఆ లాగ్‌కి తెలిసే అవకాశమే లేదు. కాబట్టి లాగ్‌లో 200 ఉంది గనక జవాబు అందింది అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఇక వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. ఒక టీసీపీ కనెక్షన్‌కి గుర్తు నాలుగు సంగతులు: ఇటువైపు ఐపీ అడ్రస్, పోర్ట్; అటువైపు ఐపీ అడ్రస్, పోర్ట్. నెట్‌వర్క్ మారగానే ఫోన్ ఐపీ మారిపోతుంది. నాలుగింట్లో ఒకటి మారినా ఆ కనెక్షన్ ఇక పనికిరాదు. కానీ ఆ సంగతి సర్వర్‌కి ఎవరూ చెప్పరు. అది పాత అడ్రస్‌కే జవాబును మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువసేపు ఆగి. లినక్స్‌లో మామూలు సెట్టింగ్‌తో అయితే సుమారు 15 నిమిషాల పాటు ప్రయత్నించి అప్పుడు వదిలేస్తుంది. ఈలోపు మీ కస్టమర్ మళ్లీ నొక్కేశాడు.

టీసీపీ ఇచ్చే హామీ చాలా చిన్నది. చేరిన బైట్లు వరస తప్పకుండా, మధ్యలో ముక్క పోకుండా చేరతాయి. చేరకపోతే ఎప్పటికో అప్పటికి ఎర్రర్ వస్తుంది. అవతలి ప్రోగ్రామ్ ఆ బైట్లు చదివిందా, డేటాబేస్‌లో రాసిందా, డబ్బు తీసుకుందా అన్నది ఆ హామీలో లేదు. "బైట్లు అందాయి" అనే అక్నాలెడ్జ్‌మెంట్ పంపేది కూడా అవతలి ఆపరేటింగ్ సిస్టమే గానీ మీ ఆర్డర్ కోడ్ కాదు.

ఫోన్ వైపు నుంచి చూస్తే ఇంకా కష్టం. "జవాబు రాలేదు" అంటే రిక్వెస్ట్ అసలు చేరలేదేమో. చేరి పని జరుగుతూ ఉందేమో. పని అయిపోయి జవాబు ఒక్కటే పోయిందేమో. ఈ మూడూ ఫోన్‌కి అచ్చం ఒకేలా కనిపిస్తాయి. మీ యాప్ ఈ మూడింటినీ కలిపి "విఫలమైంది" అని చెబుతోంది. అది నిజం కాదు, ఆ స్క్రీన్ మీద అబద్ధం ఉంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే: డబ్బు పెట్టి కొనే మనిషికి మనకు తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పడం.

ఇదేమీ కొత్త సంగతి కాదు. 1984లోనే సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ అనే ముగ్గురు దీన్ని విడమరిచి రాశారు. ఒక ఫైల్‌ని ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పంపేటప్పుడు దారిలో ప్రతి అంచెలో ఎంత జాగ్రత్తపడ్డా, చివర ఫైల్ సరిగ్గా పడిందా లేదా అని రెండు చివరలూ తామే చూసుకోక తప్పదని వాళ్ల వాదన. పేమెంట్‌కీ అంతే. ఫోన్, మీ ఆర్డర్ సర్వర్, ఈ రెండే తేల్చుకోవాలి. మధ్యలో ఉన్న ఏ ప్రోటోకాల్‌కీ ఆ పని అప్పజెప్పలేం.

అందుకే టైమౌట్ 60 సెకన్లకి పెంచినా ఒరిగేదేమీ లేదు. మనిషి ఇంకో 50 సెకన్లు తెర వైపు చూస్తూ కూర్చుంటాడు, అనుమానం అలాగే ఉంటుంది.

చేయాల్సింది, ఒకే రిక్వెస్ట్ రెండుసార్లు వచ్చినా పని ఒక్కసారే జరిగేలా చూడటం. హెచ్‌టీటీపీ రిక్వెస్టుల్లో గెట్ (చూడటానికి), పుట్ (ఉంచడానికి), డిలీట్ (తీసేయడానికి) అనే రకాలకి ఈ గుణం ఉండాలని ప్రమాణంలోనే ఉంది, ఆర్‌ఎఫ్‌సీ 9110 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం తీసి చూడండి. సర్వర్‌కి కొత్త పని ఇచ్చే పోస్ట్‌కి లేదు. ఆర్డర్లు మనం పంపేది పోస్ట్‌తోనే కాబట్టి ఆ గుణాన్ని మనమే తెచ్చిపెట్టాలి. దానికి వాడేదే ఐడెంపొటెన్సీ కీ. ప్రతి కొనుగోలుకీ ఫోన్ ఒక యూయూఐడీ (ఇంకెక్కడా రిపీట్ కాని గుర్తు) తయారుచేసి రిక్వెస్ట్‌తో పాటు హెడర్‌లో పంపుతుంది. అదే కీతో రెండోసారి వస్తే సర్వర్ కొత్త ఆర్డర్ వేయదు, మొదటిసారి ఇచ్చిన జవాబే మళ్లీ ఇస్తుంది.

ఆ కీ ఎక్కడ పుట్టాలన్నది చాలా ముఖ్యం. బటన్ నొక్కినప్పుడు నడిచే ఫంక్షన్‌లో కీ తయారుచేస్తే రెండోసారి నొక్కినప్పుడు కొత్త కీ పుడుతుంది, చేసిన పనంతా వృథా. కస్టమర్ పేమెంట్ స్క్రీన్‌కి వచ్చినప్పుడే తయారుచేయండి. రిక్వెస్ట్ పంపకముందే ఫోన్ స్టోరేజ్‌లో రాసి పెట్టండి. మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమ్ యాప్‌ని చంపేసినా, తిరిగి తెరిచినప్పుడు అదే కీ దొరకాలి. కార్ట్‌లో వస్తువులు మారితేనో, ఆ కొనుగోలు పూర్తయి ఇంకోటి మొదలైతేనో మాత్రమే కొత్త కీ.

సర్వర్ వైపు, కీ ఉందా అని ముందు వెతికి, లేకపోతే చేర్చే పద్ధతి వద్దు. కొన్ని మిల్లీసెకన్ల తేడాతో రెండు రిక్వెస్టులు వస్తే రెండింటికీ "లేదు" అనే కనబడుతుంది. ఆ కాలమ్ మీద యూనిక్ నిబంధన (ఒకే విలువ రెండుసార్లు పడనివ్వనిది) పెట్టి నేరుగా చేర్చండి. పడితే ముందుకెళ్లండి, పడకపోతే అది రెండోసారి వచ్చినది. కీ, ఆర్డర్ రెండూ ఒకే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో రాయాలి, అంటే పడితే రెండూ పడాలి, లేకపోతే ఏదీ పడకూడదు. మొదటిది ఇంకా నడుస్తుండగానే రెండోది వస్తే 409 (ఇప్పుడు నడుస్తున్నదానితో పొసగదనే కోడ్) ఇవ్వండి, ఫోన్ కాసేపాగి మళ్లీ అడుగుతుంది. అదే కీతో వేరే మొత్తం వస్తే 422 (ఈ రిక్వెస్ట్‌ని ఒప్పుకోలేననే కోడ్). అలా వచ్చిందంటే యాప్ కోడ్‌లో ఏదో తేడా ఉంది.

ఇంకొక మాట. మీ యాప్ వాడే హెచ్‌టీటీపీ లైబ్రరీ తనంతట తాను ఏం చేస్తుందో కూడా చూసుకోండి. ఉదాహరణకు ఓకేహెచ్‌టీటీపీ అనే లైబ్రరీలో కనెక్షన్ తెగితే మళ్లీ ప్రయత్నించే సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. బటన్ రెండోసారి ఎవరూ నొక్కకపోయినా రిక్వెస్ట్ మళ్లీ వచ్చే దారులు ఉంటాయి.

చురుకుచేయి:

ఇంత దూరం అవసరమా అండి? ఒకసారి నొక్కగానే బటన్‌ని డిజేబుల్ చేయండి. సర్వర్‌లో ఒకే కస్టమర్ నుంచి ఒకే మొత్తానికి రెండు నిమిషాల లోపు ఇంకో ఆర్డర్ వస్తే డూప్లికేట్ అని కొట్టేయండి. ఒక్క పూటలో అయిపోయే పని.

ప్యాకెట్‌వేట:

చురుకుచేయి గారూ, బటన్ డిజేబుల్ చేయడం మంచిదే, చేయాలి కూడా. కానీ యాప్ మూసి తెరిస్తే ఆ బటన్ మళ్లీ మామూలుగానే ఉంటుంది. పైగా లైబ్రరీ చేసే రీట్రైకి బటన్‌తో సంబంధమే లేదు.

ఇక మొత్తాన్ని, సమయాన్ని బట్టి పోల్చడం రెండు వైపులా దెబ్బ కొడుతుంది. ఒకే గిఫ్ట్ కార్డు ఇద్దరికి పంపాలని ఎవరైనా వెంట వెంటనే రెండు కొన్నారనుకోండి, రెండోది నిజమైన ఆర్డర్. దాన్ని మీరు కొట్టేస్తారు. ఇంకొకరి ఫోన్ సొరంగంలో ఉండిపోయి, మూడో నిమిషంలో రీట్రై వస్తుంది. అది డూప్లికేట్, దాన్ని మీరు వదిలేస్తారు. కొనేవాడి ఉద్దేశం ఒకటా రెండా అన్నది ఫోన్‌కే తెలుసు, కాబట్టి ఆ గుర్తు ఫోన్ నుంచే రావాలి. సర్వర్ ఊహించకూడదు.

సర్వర్‌కాపలా:

మొదటి ఫిర్యాదుకి పైన వచ్చిన జవాబు సరిపోతుంది. రెండోదాని గురించి నేను చెబుతాను, డబ్బు పోయి ఆర్డర్ రాకపోవడం గురించి.

కొత్తచిగురు గారూ, మీ ఫ్లో ఎలా ఉందో నేను ఊహిస్తున్నాను. ఫోన్ పేమెంట్ పేజీకి వెళ్తుంది, డబ్బు కట్ అవుతుంది, గేట్‌వే (మీ తరఫున డబ్బు వసూలు చేసే పేమెంట్ సేవ) ఫోన్‌ని తిరిగి యాప్‌కి పంపుతుంది, అప్పుడు యాప్ మీ సర్వర్‌కి "పేమెంట్ అయింది, ఆర్డర్ వేయి" అని చెబుతుంది. ఇదే అయితే, గేట్‌వే నుంచి యాప్‌కి తిరిగొచ్చే ఆ చివరి అడుగులో సిగ్నల్ పోయిందంటే ఆర్డర్ పుట్టనే పుట్టదు. డబ్బుకి మాత్రం లెక్క ఉంటుంది, గేట్‌వే దగ్గర.

దీన్ని తిరగేయాలి. పేమెంట్ పేజీకి పంపకముందే ఆర్డర్‌ని పెండింగ్ అని డేటాబేస్‌లో రాయండి. గేట్‌వేకి వెళ్లే కాల్‌లో ఆ ఆర్డర్ నంబర్ పంపండి. డబ్బు అందిందన్న కబురు గేట్‌వే సర్వర్ నుంచి మీ సర్వర్‌కి నేరుగా, దాన్నే వెబ్‌హుక్ అంటారు, అలా వస్తుంది. ఈ దారిలో ఫోన్ లేదు, లిఫ్టు లేదు. ఫోన్ చెప్పే "అయింది"ని స్క్రీన్ మార్చడానికి మాత్రమే వాడండి, సరుకు పంపడానికి వాడొద్దు. ఫోన్‌లోంచి వచ్చే మాటని ఎవరైనా తయారుచేయవచ్చు.

వెబ్‌హుక్ కూడా ఒక హెచ్‌టీటీపీ పోస్టే కనుక దానికీ ఇవే జబ్బులు ఉంటాయి. ఒకే కబురు రెండుసార్లు వస్తుంది, వరస మారి వస్తుంది. మీ సర్వర్ 200 ఇవ్వడం ఆలస్యమైతే గేట్‌వే మళ్లీ పంపుతుంది. అందుకని ముందు ఆ కబురు గేట్‌వేదేనని చూపే సంతకం సరిచూసి, కబురుని ఒక టేబుల్‌లో పడేసి, వెంటనే 200 ఇచ్చేయండి. అసలు పని తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు. సంతకం సరిచూసేటప్పుడు వచ్చిన బైట్లను వచ్చినట్టే తీసుకోవాలి. కబురు వచ్చే జేసన్ అనే ఫార్మాట్‌ని విప్పి మళ్లీ కూర్చితే ఖాళీలు, వరస మారిపోయి సంతకం కలవదు.

వెబ్‌హుక్ అసలే రాని రోజూ ఉంటుంది. పెండింగ్‌లో కొన్ని నిమిషాలు దాటిన ప్రతి ఆర్డర్‌కీ మీ సర్వరే గేట్‌వేని "దీని సంగతేంటి" అని అడిగే జాబ్ ఒకటి నడవాలి. రోజు చివర వాళ్ల లెక్క, మన లెక్క పక్కపక్కన పెట్టి చూడాలి. నా అనుభవంలో టీమ్‌లు బద్ధకించేది ఈ చివరి దాని దగ్గరే.

కొత్తచిగురు:

ఇద్దరికీ చాలా థాంక్స్. సర్వర్‌కాపలా గారు ఊహించినట్టే ఉంది మా ఫ్లో. ఇక హెచ్‌టీటీపీ/3 గురించి కూడా ఒక మాట చెప్పండి, టీమ్‌లో దాని మీదే పట్టుబడుతున్నారు. అలాగే నా దగ్గర ఉన్న పాత పాఠాల్లో వ్యాప్ (పాతకాలం మొబైళ్లలో ఇంటర్నెట్ కోసం చేసిన ప్రమాణం), డబ్ల్యూటీఎల్ఎస్ (దాని భద్రతా పొర) అని అధ్యాయాలకి అధ్యాయాలు ఉన్నాయి. అవి ఇప్పుడు చదవడం దండగేనా?

ప్యాకెట్‌వేట:

హెచ్‌టీటీపీ/3 మంచిది, వీలైతే తప్పకుండా మారండి. ఎందుకు మంచిదో తెలిసి మారితే టీమ్‌కి లేనిపోని ఆశలుండవు.

కొత్తగా కనెక్షన్ పెట్టుకోవాలంటే మామూలు దారిలో ఫోన్ చేసే పనులు చూడండి. సైట్ పేరుకి ఐపీ అడ్రస్ చెప్పే డీఎన్ఎస్‌ని అడగడానికి ఒక రానుపోను. టీసీపీ చేతులు కలపడానికి ఒకటి. డేటాకి తాళం వేసే టీఎల్ఎస్ 1.2 అయితే రెండు, 2018లో వచ్చిన 1.3 అయితే ఒకటి. ఆ తర్వాతే మీ పోస్ట్. సిగ్నల్ బలహీనంగా ఉండి ఒక రానుపోనుకి 300 మిల్లీసెకన్లు పడుతోందనుకుంటే, 1.3తో కూడా నాలుగు కలిపి 1.2 సెకన్లు. నిద్రపోయిన రేడియో లేవడానికి పట్టే సమయం దీనికి అదనం. తెగిపోవడానికి ప్రతి అడుగూ ఒక అవకాశమే. హెచ్‌టీటీపీ/3 నడిచేది క్విక్ అనే ప్రోటోకాల్ మీద, అది 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9000గా వచ్చింది. అది టీసీపీ బదులు యూడీపీ అనే తేలిక ప్రోటోకాల్ మీద నడుస్తూ, కనెక్షన్ పెట్టడాన్నీ టీఎల్ఎస్ 1.3నీ ఒకే రానుపోనులో ముగిస్తుంది. దాంట్లో కనెక్షన్‌కి గుర్తు ఐపీ అడ్రస్ కాదు, కనెక్షన్ ఐడీ అని విడిగా ఉంటుంది. వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినా, రెండు వైపులా ఆ సదుపాయం ఉంటే అదే కనెక్షన్ కొనసాగుతుంది. మీ ఫిర్యాదుల్లో కొన్ని దీంతో తగ్గుతాయి.

కానీ బ్యాటరీ అయిపోతే? యాప్‌ని ఆపరేటింగ్ సిస్టమ్ ఆపేస్తే? సర్వరే జవాబు ఇచ్చే ముందు కూలిపోతే? అనుమానం మళ్లీ అక్కడికే వస్తుంది. కీ ఉండాల్సిందే.

పైగా ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దయచేసి దీన్ని టీమ్‌లో అందరికీ చెప్పండి. టీఎల్ఎస్ 1.3లో జీరో ఆర్‌టీటీ (రానుపోను కోసం ఆగకుండా పంపడం) అనే సదుపాయం ఉంది. ఇంతకుముందు కలిసిన సర్వర్ అయితే మొదటి ప్యాకెట్‌తోనే డేటా పంపేయవచ్చు. వేగం బాగుంటుంది. కానీ ఆ తొలి డేటాను దారిలో ఎవరైనా పట్టుకుని యథాతథంగా మళ్లీ పంపితే, అది రెండోసారి వచ్చిందని కనిపెట్టే పూచీ ప్రోటోకాల్‌ది కాదు. కార్ట్ చూపించే గెట్‌కి ఫర్వాలేదు. పేమెంట్ పోస్ట్‌ని ఆ దారిలో పంపనేకూడదు. అలా వచ్చిన రిక్వెస్ట్‌ని సర్వర్ తిప్పిపంపడానికి 425 అనే కోడ్ ఉంది, ఆర్‌ఎఫ్‌సీ 8470లో వివరంగా రాశారు. మీ సర్వర్ల ముందు ఉండి రిక్వెస్టులు పంచే లోడ్ బ్యాలెన్సర్‌లో జీరో ఆర్‌టీటీ ఆన్‌లో ఉందేమో ఈరోజే చూడండి.

వ్యాప్ అధ్యాయాలు చదవండి. పరీక్ష కోసం కాదు, ఇదే సమస్య అప్పటివాళ్లు ఎలా చూశారో తెలుస్తుంది. ఎరిక్సన్, మోటరోలా, నోకియా, అన్‌వైర్డ్ ప్లానెట్ 1997లో కలిసి వ్యాప్ ఫోరం పెట్టాయి, 1998లో మొదటి ప్రమాణం వచ్చింది. అప్పటి ఫోన్లకి చిన్న తెర, కొద్దిపాటి మెమరీ, నత్తనడక లింకు. టీసీపీ బరువని డబ్ల్యూటీపీ అనే తేలిక ప్రోటోకాల్ చేశారు. దాంట్లో ప్రతి లావాదేవీకీ ఒక ఐడీ ఉంటుంది, అదే ఐడీతో మళ్లీ వస్తే డూప్లికేట్ అని గుర్తుపడుతుంది. ఇప్పుడు మనం చెప్పుకుంటున్న కీకి అది దగ్గరి చుట్టం. నాకైతే ఆ పాత స్పెసిఫికేషన్‌లో అన్నిటికన్నా నచ్చిన భాగం అదే.

నచ్చనిది డబ్ల్యూటీఎల్ఎస్ వాడిన తీరు. ఫోన్ నుంచి మధ్యలో ఉండే వ్యాప్ గేట్‌వే అనే సర్వర్ దాకా ఒక రహస్య లిపి, అక్కడి నుంచి వెబ్‌సైట్ దాకా ఎస్‌ఎస్‌ఎల్‌తో (టీఎల్ఎస్‌కి ముందున్నది) ఇంకొకటి. ఒకదాన్ని విప్పి ఇంకోదాంట్లోకి మార్చే ఆ క్షణంలో కార్డు నంబర్ గేట్‌వే మెమరీలో బట్టబయలుగా ఉండేది. దాన్నే వ్యాప్ గ్యాప్ అనేవాళ్లు. వ్యాప్ 2.0లో టీసీపీ, టీఎల్ఎస్ ఫోన్ దాకా తెచ్చాకే ఫోన్ నుంచి సైట్ వరకు ఒకే తాళం వేసే వీలు కలిగింది.

టెస్టింగ్‌డెస్క్:

ఇదంతా చేశాక పరీక్షించడం ఎలాగో నేను చెబుతాను. చాలామంది ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి చూసి, బాగానే ఉందంటారు. అది చాలదు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో నెట్‌వర్క్ లేదని ఫోన్ యాప్‌కి అప్పటికప్పుడు చెప్పేస్తుంది. నిజమైన బలహీన సిగ్నల్‌లో ఎవరూ ఏమీ చెప్పరు. గీతలు కనిపిస్తూనే ఉంటాయి, బైట్లు మాత్రం కదలవు.

ఒక లినక్స్ మెషీన్‌ని హాట్‌స్పాట్‌గా పెట్టి, ఫోన్‌ని దానికి కలపండి. లినక్స్ టీసీ కమాండ్‌లో, నెట్‌వర్క్‌ని కావాలని పాడుచేసి చూసే నెటెమ్ అనే భాగం ఉంది. ఫోన్ వైపు వెళ్లే ప్యాకెట్లు మాత్రమే వంద శాతం పడిపోయేలా పెట్టండి, ఫోన్ నుంచి వచ్చేవి పోనివ్వండి. పోస్ట్ బయల్దేరిన తర్వాత దాన్ని ఆన్ చేయాలి, లేకపోతే కనెక్షనే కుదరదు. అప్పుడు సర్వర్‌లో ఆర్డర్ పడుతుంది, ఫోన్‌కి జవాబు రాదు. మీ ఫిర్యాదు అచ్చంగా కళ్ల ముందు కనిపిస్తుంది. ఆ స్థితిలో యాప్‌ని బలవంతంగా ఆపి, నెటెమ్ తీసేసి, తిరిగి తెరవండి. "మీ పేమెంట్ సంగతి కనుక్కుంటున్నాం" అని చెప్పి పాత కీతో అడిగిందా, లేక ఏమీ ఎరగనట్టు కొత్తగా మొదలైందా చూడండి.

లాగిన్ పేజీ అడిగే ఉచిత వైఫై మీద కూడా చూడండి. వైఫై కలిసినట్టే ఉంటుంది గానీ లాగిన్ అయ్యేదాకా అది మీ ట్రాఫిక్‌ని తన పేజీకి మళ్లించాలని చూస్తుంది. హెచ్‌టీటీపీఎస్ అయితే సర్వర్ అసలుదేనని చూపే సర్టిఫికెట్ కలవక ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ చూసి చిరాకుపడి సర్టిఫికెట్ తనిఖీనే తీసేసిన యాప్‌లు నా దగ్గరికి పరీక్షకి వచ్చాయి. అలా ఎప్పుడూ చేయకండి. ఆ ఎర్రర్ రావడమే మనకు రక్షణ.

కొత్తచిగురు:

నెటెమ్‌తో ఈరోజే పెట్టి చూశాను, రెండు ఆర్డర్లు పడటం కళ్లారా కనిపించింది. కీ పని మొదలుపెట్టాం. చివరిగా ఒక్క ప్రశ్న: సర్వర్‌లో ఆ కీలను ఎన్నాళ్లు ఉంచాలి? టేబుల్ పెరిగిపోతుందని డేటాబేస్ చూసేవాళ్లు ఒక గంట చాలంటున్నారు.

ప్యాకెట్‌వేట:

గంట చాలదు. రాత్రి పే నొక్కాక ఫోన్ ఆఫ్ అయిపోయి, పొద్దున ఛార్జింగ్ పెట్టి యాప్ తెరిచిన మనిషిని దృష్టిలో పెట్టుకోండి. పాత కీతో రీట్రై అప్పుడు వస్తుంది. సర్వర్ ఆ కీని మర్చిపోయి ఉంటే అది కొత్త ఆర్డర్ అవుతుంది. ముందు ఫోన్ వైపు ఒక గడువు పెట్టండి: ఇన్ని గంటలు దాటితే యాప్ పాత కీతో తనంతట తాను పోస్ట్ పంపకూడదు, ఆర్డర్ స్థితిని గెట్‌తో అడిగి చూపించాలి, అంతే. సర్వర్ కీని ఉంచే కాలం ఆ గడువుకన్నా బాగా ఎక్కువ ఉండాలి. ఫోన్‌లో 24 గంటలు పెడితే సర్వర్‌లో మూడు రోజులు ఉంచండి. గడియారాలు తేడాగా ఉన్న ఫోన్లు ఉంటాయి కాబట్టి ఆ గడువుని ఫోన్ టైమ్‌తో లెక్కించొద్దు. ఆర్డర్ పెండింగ్‌లో రాసినప్పుడు సర్వర్ వేసిన టైమ్‌తో సర్వరే సరిచూడాలి.

టేబుల్ పెరుగుతుందన్న బెంగ ఉంటే రోజుకొక పార్టిషన్ (టేబుల్‌లో విడి భాగం) చేయమనండి. పాతది మొత్తంగా ఒకేసారి తీసేయవచ్చు, వరసలు ఒక్కొక్కటీ చెరపాల్సిన పని ఉండదు. ఒక్క జాగ్రత్త: అలా చేస్తే యూనిక్ నిబంధన సాధారణంగా పార్టిషన్ లోపలే పనిచేస్తుంది, అర్ధరాత్రికి అటూ ఇటూ వచ్చిన ఒకే కీ రెండు పార్టిషన్లలో పడిపోగలదు. కాబట్టి కీని ఏ రోజు పార్టిషన్‌లో వేయాలో రిక్వెస్ట్ వచ్చిన టైమ్‌ని బట్టి కాకుండా, కీతో పాటే వచ్చే, రీట్రైలోనూ మారని తేదీని బట్టి నిర్ణయించండి.